చేర్చు

పాత మెషీను పోయేముందు రెండుసార్లు దగ్గింది.
మూడోసారి నీలంగా వెలిగి ఊరుకుంది.
ఇంజేటి ప్రకాశం దాని డిస్కు ఊడదీసి
కొత్త డబ్బాకి తగిలించి
"అన్నీ వచ్చేశాయక్కా" అన్నాడు.

లగ్నపత్రిక కొట్టడం మొదలెట్టగానే తెలిసింది
అన్నీ రాలేదని.
మందేశ్వర్రావు కింద ఎర్రగీత.
ఊడిమూడిలంక కింద, దాళ్వా కింద,
నిన్నటి బిల్లు తెరిస్తే కురిడీ కింద.
వాన వెలిసిన వాకిట్లో వానపాముల్లా
పేజీ అంతా పాకుతున్నాయి.
మందేశ్వర్రావా, నందీశ్వర్రావా
అని అడుగుతోంది కొత్త వెర్షను,
బదిలీ మీద నిన్ననే దిగిన గుమస్తాలా
ఎంతో మర్యాదగా.

పన్నెండేళ్ళు
గన్నవరం అక్విడెక్టు పక్క సందులో
ఈ బల్ల ముందే కూచున్నాను.
తెలీని మాట వచ్చినప్పుడల్లా
కుడి బొత్తాం నొక్కి, చేర్చు అన్నాను.
అలా నేర్పుకున్నాను పాతదానికి
మా ఊరి నోరు.

ప్రకాశం ఫైలు వెతికి పట్టుకున్నాడు.
తెరిస్తే గళ్ళు, గళ్ళ మధ్య ప్రశ్నార్థకాలు.
"పాత లిపక్కా. దీనికి చదవడం రాదు.
యూనికోడ్‌లోకి దింపాలి."
కరెంటు రెండుసార్లు పోయింది.
కాలవ మీంచి దోమలొచ్చాయి.
తొమ్మిదింటికి
గళ్ళు ఒక్కొక్కటే అక్షరాలయ్యాయి.
రెండువేల మూడువందల పద్నాలుగు మాటలు.

అకారాది క్రమం లేదు.
చేర్చిన వరసలోనే ఉన్నాయి.
మొదటి ఏడంతా ఇంటిపేర్లే,
కుడిపూడి, చెల్లుబోయిన, నేరేడుమిల్లి.
కొబ్బరికి నల్లి పట్టిన ఏడాది
దింపుకూలి, ఒలుపుకూలి, అర్జీల మీద అర్జీలు.
మధ్యలో ఎక్కణ్ణుంచో నాగమల్లి.
బీమా కాయితంలో గేదె పేరు అక్కర్లేదన్నా
రాయండీ, దానికీ పేరుందండీ
అని నిలబడ్డాడొకాయన.

తర్వాత ఆ ఆగస్టు.
ఒక్క రోజే నూట పదకొండు.
అరిగెలవారిపేట, బూరుగులంక,
ఏటిగట్టు మీద టార్పాలిన్ల కింద చెప్పిన పేర్లు
తడి కాయితాల మీంచి చూసి కొట్టాను.
నష్టం జాబితా చీకటిపడే లోపు వెళ్ళాలి.
గీత కనపడితే చాలు
చేర్చు, చేర్చు, చేర్చు.

అందులో ఉంది, ఓలేటి పల్లలమ్మ.
దీర్ఘం లేదు.
పల్లాలమ్మ.
రెండు మేకలు, ఒక వల, పాకలో సగం పోయినావిడ.
నా చేతిలో దీర్ఘం కూడా పోయింది.
ఆ తర్వాత ఏ కాయితంలో తప్పు కొట్టినా
మెషీను నోరెత్తలేదు.
నేనే కదా దానికి ఒప్పని చెప్పింది.
మూడు నెలలు ఆవిడ
మండలాఫీసు మెట్లెక్కి దిగింది,
నువ్వు నువ్వేనా అని అడిగించుకుంటూ.

చెరిపెయ్యడం ఎంతసేపు?
వేలు బొత్తాం మీదే ఉంది.
ఎందుకో ఆగాను.

పొద్దున్నే ఆవిడే వచ్చింది,
జిరాక్సుకి, చేతిలో ఎండుచేపల సంచీతో.
చెప్పాను. చూపించాను.
చదువు రాదు గానీ
తెర దగ్గరికి ముఖం పెట్టి చూసింది.
"తీసేత్తావేటే? ఆయ్, బావుంది.
ఇంటిస్థలం పట్టా దాంతోనే వచ్చింది.
బేంకోళ్ళూ అలాగే రాసుకున్నారు.
ఇప్పుడు నువ్వు సరిసేత్తే
నేనెవర్నో మళ్ళీ మొదట్నుంచి సెప్పుకోవాల.
ఉండనియ్.
పిలిసేవోళ్ళకి తెల్దేటి ఎలా పిలవాలో."

రెండు రూపాయలు బల్ల మీద పెట్టి
అక్విడెక్టు వైపు నడిచింది.
అక్కడ ఏటి మీంచి కాలవ పోతుంది,
కింద నీళ్ళు కింద, పైన నీళ్ళు పైన.

రెండు పేర్లూ ఉంచాను, ఒకదాని కింద ఒకటి.
ఫైలు కొత్తదాంట్లోకి ఎక్కించాను.
లగ్నపత్రిక తెరిస్తే
ఒక్క గీత లేదు.

పదింటికి పెళ్ళికొడుకు తండ్రి వచ్చి
ప్రూఫు దూరంగా పట్టుకుని చూశాడు.
"తాతగారి పేరు తీసేద్దామండీ.
పోయి చాలా కాలమైంది, జాగా చాలట్లేదు."

మందేశ్వర్రావుని తీసేశాను.
కార్డులోంచి.